మూడువందల వాయిదాలు

ఆమెను దుకాణంలో అందరూ టేపక్క అంటారు. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు మరి. పన్నెండేళ్ళుగా కర్టెన్ల దుకాణంలో పని. ఇళ్ళకు వెళ్ళి కిటికీలు కొలుచుకు రావడం, గుడ్డ కత్తిరించడం, కుట్టడం, మళ్ళీ వెళ్ళి తగిలించి రావడం. ఎన్ని ఇళ్ళ కిటికీలకు ఆమె కుట్టిన తెరలు వేలాడుతున్నాయో ఆమెకే లెక్క తెలియదు. తన ఇంట్లో మాత్రం కిటికీకి పాత దుప్పటి. కర్టెను రాడ్డుకోసం గోడకు మేకు కొడితే ఇంటాయన ఇంతెత్తున లేస్తాడు.

ఏడేళ్ళలో నాలుగిళ్ళు మారారు. మారిన ప్రతిసారీ మంచం కాళ్ళు విప్పడం, కుట్టుమిషను మెట్లమీదుగా దించడం, కూతురికి కొత్త బడి వెతకడం. ఇప్పటి ఇంటాయన కూడా మొన్న చావు కబురు చల్లగా చెప్పాడు. "మా తమ్ముడు వస్తున్నాడమ్మా, రెండు నెలల్లో ఖాళీ చెయ్యాలి" అని. కూతురు ఆ మాట విని, లోపలికి వెళ్ళి పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుకోవడం మొదలుపెట్టింది. బరువైనవి అడుగున, తేలికవి పైన. తొమ్మిదేళ్ళ పిల్లకు సామాను సర్దడం అంత చక్కగా వచ్చేసింది. ఇక అద్దెకొంపలు చాలు, ఏమైనా సరే సొంతిల్లు కొనాల్సిందేనని ఆ పూటే తీర్మానించింది.

తీర్మానాలకేం, ఖర్చులేని పని. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని పెద్దలు ఊరికే అన్నారా? ఆ అన్న మహానుభావుడు బ్యాంకు గడప తొక్కి ఉండడు. తొక్కి ఉంటే, లోను పెట్టి చూడు అని మూడోది కూడా కలిపేవాడు.

ఇల్లయితే దొరికింది. నాలుగో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు. తూర్పు కిటికీ, నీళ్ళకు లోటు లేదు, పిల్ల బడికి నడిచి వెళ్ళొచ్చు. ధర కూడా కలలో మాటలా తక్కువ. ఎందుకు తక్కువంటే, ఆ భవనంలో లిఫ్టు రెండేళ్ళుగా చచ్చి పడివుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా నాలుగు అంతస్తులు రొప్పుతూ ఎక్కి, దిగాక మళ్ళీ మొహం చూపించేవారు కారు. టేపక్క మొగుడు లిఫ్టుల మెకానిక్. అతను ఇంటికన్నా ముందు లిఫ్టు చూశాడు. తలుపు సందులోకి టార్చిలైటు వేశాడు, చెవి ఆనించాడు, రెండు తీగలు కదిపాడు. తర్వాత పెళ్ళాం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "తలుపు దగ్గర స్విచ్చొకటి పోయింది. ఒక్క పూట పని" అన్నాడు. ఆ తర్వాత వాళ్ళు ఫ్లాటు యజమానితో బేరం కూడా ఆడలేదు. నెలాఖరులోగా బ్యాంకు మంజూరు కాగితం చూపించాలి, లేదంటే వరసలో ఇంకొకరున్నారు అన్నాడాయన. సరేనన్నారు.

బ్యాంకు లెక్క ఏమిటంటే, ఇంటి ధరలో అయిదో వంతు కొనేవాళ్ళు తమ చేతి డబ్బు పెట్టుకోవాలి. మిగతాది లోను. అయిదో వంతంటే పదిహేను లక్షలు. పన్నెండేళ్ళ కర్టెన్లు, పదిహేనేళ్ళ లిఫ్టులు కలిపితే వాళ్ళ దగ్గర తేలింది తొమ్మిది. ఆరు లక్షలు తక్కువ.

ఆ ఆరు లక్షల సంగతి విని, అడక్కుండానే ముందుకొచ్చినవాడు రికార్డు బాబాయి. టేపక్క చచ్చిపోయిన తండ్రికి సొంత తమ్ముడు. ఏదో ఆఫీసు రికార్డు గదిలో ముప్ఫై నాలుగేళ్ళు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాడు. పిల్లల్లేరు. పిన్ని పోయి నాలుగేళ్ళు. ఒక గది, ఒక బీరువా, ఒక రేడియో.

ఈ బాబాయి గురించి ఒక సంగతి చెప్పుకోవాలి. నోటితో ఆయన ఆడని అబద్ధం లేదు. చిన్నప్పుడు పులిని చూశానంటాడు. ఒక మంత్రిగారికి ఈత నేర్పానంటాడు. ఎదురింటివాళ్ళకు తన వయసు యాభై తొమ్మిదని చెప్పి ఆరేళ్ళయింది, ఇంకా యాభై తొమ్మిదే. డాక్టరు అడిగితే రోజూ గంట నడుస్తున్నానంటాడు. ఇవన్నీ నోటితో. కాగితం మీదికి వచ్చేసరికి మనిషి మారిపోతాడు. కాగితం మీద ఆయన ఒక్క అబద్ధం రాసి ఎరగడు. "నోటిమాట గాలికి పోతుంది, కాగితం బీరువాలో ఉండిపోతుంది" అంటాడు. ఇంకోటి. రికార్డు గదిలో ఏ ఫారంలోనైనా ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఫైలు తిప్పి పంపడమే. ఆ అలవాటు ఒంట్లో దిగిపోయి, పాలవాడి చీటీలో కూడా గడి ఖాళీగా వదలడు.

"ఆరు లక్షలున్నాయి. చేబదులుగా తీసుకోండి. మూడేళ్ళలో తిరిగి ఇచ్చెయ్యండి. వడ్డీ గిడ్డీ అన్నారో, మళ్ళీ మీ గడప తొక్కను" అన్నాడు బాబాయి. అన్న మర్నాడే డబ్బు టేపక్క ఖాతాలో పడింది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాత ఫ్లాట్ల బ్రోకరు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఆరు లక్షలు ఎక్కణ్ణించొచ్చాయని బ్యాంకువాళ్ళు అడుగుతారు మేడమ్. అప్పని చెప్పారో, ఆ అప్పు వాయిదా కూడా మీ జీతాల్లోంచి కోసేసి లోను తగ్గిస్తారు. ఇల్లు చేజారిపోతుంది. గిఫ్టని చెప్పండి. ఇదిగో, గిఫ్టు లెటరు రెడీగా ఉంది. పెద్దాయన చేత సంతకం పెట్టించండి చాలు. అందరూ చేసేదే."

ఆ కాగితంలో ఇలా ఉంది: ఈ డబ్బు ప్రేమతో ఇచ్చాను, ఎన్నటికీ తిరిగి అడగను.

టేపక్క ఆ కాగితాన్ని బోర్లించి పెట్టింది. మొగుడు మాత్రం తేలిగ్గా తీసేశాడు. "మామయ్యగారు రోజుకు పది అబద్ధాలాడతారు. ఇది పదకొండోది. ఏముంది?"

నోటికీ కాగితానికీ ఆయన దగ్గర ఎంత తేడా ఉందో ఆమెకు తెలుసు. తెలిసి కూడా, ఆ రాత్రి బ్యాంకు ఫారం నింపుతూ, డబ్బు ఎలా వచ్చింది అన్న చోట గిఫ్టు అన్నదానికి టిక్కు పెట్టింది. పెట్టింది ఆమె చెయ్యే. అట్టపెట్టెలో సర్దిన పుస్తకాలు కళ్ళముందు మెదులుతుంటే చేతులు అలాగే చేస్తాయి. బాబాయిని తర్వాత ఎలాగోలా ఒప్పించొచ్చులే అని మనసుకు సర్దిచెప్పుకుంది.

వారం తిరిగేసరికి బ్యాంకులో లోన్లు చూసే మేడమ్ దగ్గరనుంచి ఫోను వచ్చింది. గిఫ్టు ఇచ్చినాయన స్వయంగా వచ్చి తన ఎదుట సంతకం పెట్టాలట.

ముగ్గురూ బస్సెక్కారు. బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో తన సొంత పెన్ను పెట్టుకుని వచ్చాడు. దారిలో చెబుదామని టేపక్క మూడుసార్లు నోరు తెరిచింది. తెరిచిన ప్రతిసారీ ఆయన పక్కసీటాయనకు పులి కథ చెబుతున్నాడు. దిగేముందు ఎలాగో, "ఏం లేదు బాబాయ్, చిన్న సంతకం" అంది.

"చదివి పెడతాలే" అన్నాడాయన.

"చదవడానికేముంది బాబాయ్, రెండు లైన్లు."

ఆయన ఆమె మొహం వైపు ఒకసారి చూశాడు. ఆ చూపుకు ఆమె తేలు కుట్టిన దొంగలా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

లోన్ల మేడమ్ చిన్నవయసు మనిషే. బల్ల మీద ఒక కంప్యూటరు, ఒక లెక్కల మిషను, నీళ్ళ సీసా. ముగ్గురినీ కూర్చోబెట్టి మర్యాదగానే మొదలుపెట్టింది. "ఫారంలో గిఫ్టని రాశారు. మీ ఖాతా కాగితాల్లో మాత్రం ఇంకోలా ఉందండీ." తెర వాళ్ళవైపు తిప్పకుండా, తనే పైకి చదివింది. "చేబదులు. మూడేళ్ళలో తిరిగి ఇవ్వవలెను. వడ్డీ లేదు. ఈ విషయం అన్నకూతురికి, అల్లుడికి తెలుసు."

మెకానిక్ తల పైకెత్తి సీలింగు ఫ్యాను చూడసాగాడు. టేపక్కకు చెవులు మండిపోయాయి. బాబాయి ఒక్కడే సంతోషంగా ఉన్నాడు.

"నేనే రాశానండీ. డబ్బు పంపేటప్పుడు వివరాలు అని ఒక గడి ఉంటుందిగా. జనం ఖాళీగా వదిలేస్తారట. అది తప్పు కదండీ" అన్నాడు.

"తప్పేనండీ" అంది మేడమ్. ఫారంతో పాటు వచ్చిన గిఫ్టు లెటరు తీసి ఆయన ముందు పెట్టింది. "మరి ఇది?"

బాబాయి కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఒకసారి చదివాడు. మళ్ళీ చదివాడు. కాగితాన్ని బల్ల అంచుకు సరిగ్గా సర్ది, వెనక్కి నెట్టాడు.

"అమ్మాయ్, దీని మీద నేను సంతకం పెట్టలేను."

గొంతులో కోపం లేదు. ఉంటే టేపక్కకు బాగుండేది. ఆమె మెడలోని టేపును వేలికి చుట్టుకుంది, విప్పుకుంది. తర్వాత మేడమ్ వైపు తిరిగింది.

"తప్పు నాదండీ. గిఫ్టు కాదు, అప్పే. ఆ టిక్కు పెట్టింది నేనే. ఆయనకేమీ తెలియదు. ఇల్లు పోతుందేమోనని అలా రాశాను."

"ఇక్కడే చెప్పారు కాబట్టి సరిపోయింది, ఫారం మార్చి రాసుకోవచ్చు" అంది మేడమ్. "ఫైలు పైకి వెళ్ళాక తెలిసుంటే నేనేమీ చెయ్యగలిగేదాన్ని కాదు." లెక్కల మిషను దగ్గరికి లాక్కుంది. "ఆరు లక్షలు, మూడేళ్ళు. నెలకు పదహారు వేల ఆరువందల అరవై ఏడు. అబ్బే. ఈ భారం ఉంటే మీకు కావలసినంత లోను రాదండీ."

అదీ సంగతి. బ్రోకరు చెప్పినట్టే అయింది. మెకానిక్ ఫ్యాను మీదనుంచి చూపు దించి, "పోనీలే, ఇంకో ఇల్లు చూసుకుందాం" అన్నాడు. ఆ మాట తనే నమ్మనట్టు చెప్పాడు.

బాబాయి నెమ్మదిగా అందుకున్నాడు. "ఊరికే ఇవ్వడానికి మనసు రాక కాదు తల్లీ. అది నా మంచం డబ్బు."

"మంచం డబ్బేంటి బాబాయ్?"

"మీ పిన్ని పదకొండు నెలలు మంచాన ఉంది. కదపడానికొక మనిషి, రాత్రిళ్ళు కూర్చోడానికొక మనిషి. ఎంతయిందో నా దగ్గర రాసి ఉంది. దానికైతే నేనున్నాను. నాకెవరున్నారు? పడితే ఎత్తేవాళ్ళకు కూలివ్వాలిగా. అందుకని దాచుకున్నా. ఇంకో మూడేళ్ళు పడనులే అనుకుని మీకిచ్చా."

పులి కథ ఏ గొంతుతో చెబుతాడో ఇదీ అదే గొంతుతో చెప్పాడు. నవ్వు మొహమే. టేపక్కకు కళ్ళు చెమర్చాయి, వెంటనే ఒళ్ళు మండింది. ఆమెకు ఏడుపొచ్చినప్పుడల్లా కోపం వస్తుంది, అదొక జబ్బు.

"ఎత్తేవాళ్ళకు కూలా? నేను చచ్చాననుకున్నావా?" అంది. టోకెన్లు పట్టుకుని వరసలో కూర్చున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. "పడితే మా ఇంట్లో పడు. చిన్నప్పుడు నన్ను భుజాన వేసుకుని తిప్పావే, నెలకెంత తీసుకున్నావు? కూలి మాట ఇంకోసారి ఎత్తితే చూడు."

బాబాయి ఆమె చెయ్యి తట్టాడు. "నోటిమాట తల్లీ. నా నోటిమాటల సంగతి నీకు తెలుసు. అందరివీ అంతే. అనేటప్పుడు నిజమే ఉంటుంది."

ఆమెకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఫారం మీద గిఫ్టని టిక్కు పెట్టిన మనిషి ఇంకేమని వాదిస్తుంది?

మేడమ్ వీళ్ళ మాటలు విననట్టే మిషను నొక్కుతూ ఉంది. "గడువు పెంచి చూద్దామా? అయిదేళ్ళయితే పదివేలు, కుదరదు. పదేళ్ళయితే అయిదువేలు, కొద్దిలో తప్పిపోతుంది. లోను ఎటూ పాతికేళ్ళు. అప్పు కూడా పాతికేళ్ళు పెట్టుకుంటే మూడువందల వాయిదాలు, నెలకు సరిగ్గా రెండువేలు. ఇలా అయితే లోను వస్తుంది. కాకపోతే పెద్దాయన ఒప్పుకుని రాసివ్వాలి."

"అప్పటికి నాకెన్నేళ్ళు?" అన్నాడు బాబాయి.

మేడమ్ ఆయన గుర్తింపు కార్డు చూసింది. "ఇప్పుడు అరవై ఎనిమిది. తొంభై మూడండీ."

బాబాయి కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. "మధ్యలో పడితే, నెలకు రెండువేలతో మనిషి రాడు" అన్నాడు, తనలో తను లెక్క వేసుకుంటున్నట్టు.

టేపక్క మేడమ్‌ని ఒక తెల్లకాగితం అడిగింది. బాబాయి జేబులోంచి ఆయన పెన్నే లాక్కుని, బల్ల మీదికి వంగి, కొలతలు రాసుకునే పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. *మా బాబాయి మంచాన పడిన రోజునుంచి లేచేదాకా మా ఇంట్లో ఉంచుకుని నేనే చూసుకుంటాను. కూలిమనిషిని పెట్టను.* కింద సంతకం, తేదీ. మొగుడి ముందుకు తోసింది. అతను చదివి, తనూ సంతకం చేశాడు.

"ఇది బ్యాంకుకు అవసరం లేదండీ" అంది మేడమ్.

"మీకు కాదండీ, ఆయనకి."

బాబాయి కాగితం అందుకుని, ముప్ఫై నాలుగేళ్ళు ఫైళ్ళు చదివిన తీరులోనే చదివాడు. "ఏ గదిలోనో రాయలేదు."

"తూర్పు కిటికీ గదిలో."

"రాయి మరి."

రాసింది.

"లేచేదాకా అన్నావు. లేవకపోతే ఏమిటన్నది లేదు."

టేపక్క పెన్ను బల్ల మీద పెట్టేసింది. "అది నేను రాయను బాబాయ్. ఆ గడి ఖాళీ. ఫైలు తిప్పి పంపుతావో, ఉంచుకుంటావో నీ ఇష్టం."

బాబాయి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మేడమ్ ఇచ్చిన అప్పు ఒప్పందం తీసుకుని, ప్రతి గడీ నింపి, మూడుచోట్ల సంతకం చేశాడు.

"పాతికేళ్ళండీ, ఆలోచించుకున్నారా?" అని అడిగింది మేడమ్, అడగాలి కాబట్టి.

"సంతకం పెట్టేశాక ఆలోచన ఏముందమ్మా. తొంభై మూడుదాకా ఉండాల్సిందే. కాగితం మీద రాసింది తప్పితే పరువేముంటుంది?" అన్నాడాయన.

నెలాఖరుకు మూడు రోజుల ముందు మంజూరు కాగితం వచ్చింది. తర్వాతి నెలలోనే కొత్తింట్లోకి దిగారు. మెకానిక్ ఆదివారం పొద్దున లిఫ్టు తలుపు విప్పి కూర్చుంటే మధ్యాహ్నానికి అది కదిలింది. భవనంలో జనమంతా వచ్చి అతని చేతులు పట్టుకుని ఊపేశారు. కూతురు పుస్తకాలన్నీ బయటికి తీసి, అట్టపెట్టెను చించి చెత్తలో పడేసింది. ఆ చప్పుడు వింటూ టేపక్క కుట్టుమిషను ముందు కూర్చుని, ఎవరూ చూడకుండా కాసేపు హాయిగా ఏడ్చింది.

ఒకటో తారీకు ఉదయమే బాబాయి వచ్చాడు. డబ్బు ఖాతాలో వేస్తామంటే వినలేదు, చేతికిస్తేనే ముట్టినట్టన్నాడు. కింద వాచ్‌మన్‌తో తను ఈ భవనం తనిఖీకి వచ్చానని చెప్పాడట. అందుకని వాచ్‌మన్ సెల్యూట్ కొట్టి మరీ లిఫ్టు తలుపు తీశాడు. డాక్టరు ఇచ్చిన మాత్రలు ఏ పూటకు ఏవో రాసుకున్న చీటీ కూడా జేబులో కనిపించింది. అడక్కుండానే, "రోజూ అరగంట నడుస్తున్నా" అన్నాడు. టేపక్క ఆయన చెప్పుల వైపు చూసింది. నిజంగానే అరిగి ఉన్నాయి.

టీ తాగాక ఆమె రెండువేలు లెక్కపెట్టి చేతిలో పెట్టింది. ఆయన మళ్ళీ లెక్కపెట్టుకుని, సంచిలోంచి కొత్త రసీదు పుస్తకం తీసి, వంకర లేకుండా రాశాడు. ఒకటో వాయిదా ముట్టినది. మిగిలినవి రెండువందల తొంభై తొమ్మిది. రసీదు చించి ఇస్తుంటే ఆయన మొహంలో ఉద్యోగం దొరికిన కుర్రవాడి హుషారు కనిపించింది.

అప్పుడే మెకానిక్ లోపలినుంచి పెళ్ళాన్ని పిలిచాడు. చేతిలో ఒక కవరు ఉంది. "ఓవర్‌టైం డబ్బు పడింది. మామయ్యగారు ఎలాగూ వచ్చారు, ఓ పది వాయిదాలు కలిపి ఇచ్చేద్దామా? భారం తగ్గుతుంది" అన్నాడు.

టేపక్క తలుపు దగ్గరగా వేసింది. కవరు లాక్కుని అతని జేబులోనే కుక్కింది.

"మతి గాని పోయిందా మీకు? ఆయనకి ఇంకా రెండువందల తొంభై తొమ్మిది నెలల పనుంది. ఒక్క వాయిదా ముందు కట్టారో, ఊరుకోను" అంది.